కదిలిన చుక్క

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. '67 ఏషియా' లాంటి గ్రహశకలం మీద తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకెంతో సంతోషం. లెక్కలన్నీ సరిచూశాను, తప్పుల్లేవు. కానీ మొదటి పేరాలోనే అంకెలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశావు.

ముందు ఆ రాత్రిని చూపించు. 1861 ఏప్రిల్ 17, మద్రాసు నుంగంబాకంలోని అబ్జర్వేటరీ. ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ పోగ్సన్ అక్కడికి వచ్చింది ఆ ఏడాదే. ఫొటోలు తీసి గ్రహశకలాలను పట్టుకునే పద్ధతి అప్పటికింకా రాలేదు. నక్షత్ర పటం పక్కన పెట్టుకుని, టెలిస్కోపులో కనిపించే ఒక్కో చుక్కనూ దానితో పోల్చి చూడాలి. పటంలో లేని చుక్క కనబడితే మళ్లీ చూడాలి. చుట్టూ ఉన్న నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి, ఇది మాత్రం కాస్త జరిగి ఉంటుంది. ఆ కాస్త జరగడంలోనే నీ కథంతా ఉంది! ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలమని ఆయన దానికి ఆ పేరే పెట్టాడు. ఇంత మంచి సంగతిని నువ్వు చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టావు. నాకు మనసొప్పలేదు.

తర్వాత అంకెల్లోకి రా. సూర్యుడి చుట్టూ తిరగడానికి దానికి 3.77 ఏళ్లు. పక్కనే అంగారకుడి 1.88 ఏళ్లు కూడా రాయి. ఇది ఒక చుట్టు తిరిగేసరికి అంగారకుడు ఇంచుమించు రెండు చుట్లు తిరుగుతాడని పాఠకుడే లెక్కేసుకుంటాడు. 'ఉత్కేంద్రత 0.185' అని వదిలేయకు, అది కక్ష్య ఎంత సాగి ఉందో చెప్పే అంకె. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్న దూరానికి ఒకప్పుడు దాదాపు రెట్టింపు, ఇంకొకప్పుడు మూడు రెట్లకు కొంచెం తక్కువ దూరంలో ఉంటుందని చెప్పు. భూమి కక్ష్యతో పోలిస్తే దాని కక్ష్య వాలు 6 డిగ్రీలు, దానికి ఒక్క ముక్క చాలు.

అడ్డుకొలత 60 కిలోమీటర్లకు కాస్త తక్కువ. నువ్వు రోజూ విజయవాడలో బస్సెక్కి ఏలూరులో దిగుతున్నావు కదా, ఇంచుమించు అంత. రేపు కిటికీ పక్కన కూర్చుని, ఆ దారి పొడవునా ఒకటే రాయి అనుకుని చూడు. ఆ ప్రయాణాన్నే నీ వ్యాసంలో రాయి.

అది తన చుట్టూ తాను తిరగడానికి 15.9 గంటలు పడుతుందన్నావు. ఎలా తెలిసిందో చెప్పలేదు. అది నున్నటి బంతి కాదు. తిరిగేటప్పుడు ఒకసారి వెడల్పాటి వైపు, ఒకసారి సన్నటి వైపు మనకు కనబడి వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఆ హెచ్చుతగ్గులను బట్టే గంటలు లెక్కకట్టారు.

తిరగరాశాక అమ్మకు చదివి వినిపించు. ఆవిడ ఎక్కడ ఆపి ప్రశ్న అడిగితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టి, ఆ కాగితాలే నాకు పంపు.

ప్రేమతో,
అన్నయ్య