డాక్టర్ సలహా: గ్రిప్పర్ పిడులు అరగదీశా, ఇప్పుడు పొద్దున వేలు తెరుచుకోవడం లేదు

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. వయసు 24. మామయ్య బైక్ మెకానిక్ షెడ్డులో పని చేస్తా, సాయంత్రం కబడ్డీ ఆడతా, కార్నర్‌లో ఉంటా. పట్టు పెరగాలని ఏడాది నుంచి క్యాప్టెన్స్ ఆఫ్ క్రష్ కంపెనీ గ్రిప్పర్లు, అంటే రెండు పిడుల మధ్య స్ప్రింగు ఉండి చేత్తో నొక్కి మూసేవి, నొక్కుతున్నా. ఒకటో నంబరు ఈజీగా మూస్తా. రెండోది మాత్రం వేలు మందం దూరంలో ఆగిపోతుంది. వీడియోలు చూసి ఒకటో నంబరు పిడులను లోపలి వైపు ఆకురాయితో అరగదీశా, రెండోదాని పిడులు దగ్గరగా ఉండేలా మోటారు పైపు క్లిప్పు బిగించి రోజూ చేస్తున్నా. నెల రోజులుగా పొద్దున లేచేసరికి కుడి చేతి ఉంగరం వేలు మడతపడి ఉంటోంది, ఎడమ చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటోంది. ఈ పిచ్చి మానెయ్ అంటున్నాడు మా బాపు. ఆయనకు బీపీ ఉంది, గ్రిప్పర్ బీపీకి మంచిదని ఎక్కడో విన్నా. నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు వేలు సంగతి చూద్దాం, గ్రిప్పర్ సంగతి తర్వాత. ఈరోజు నుంచి రెండు గ్రిప్పర్లూ పక్కన పెట్టు. శాశ్వతంగా కాదు, కంగారు పడకు.

నువ్వు రాసినదాన్ని బట్టి ఇది ట్రిగ్గర్ ఫింగర్. మనవాళ్లు నరం పట్టేసింది అంటారు కానీ ఇందులో నరం పాత్ర ఏమీ లేదు. నువ్వు మెకానిక్‌వి కాబట్టి నీకు చెప్పడం తేలిక. క్లచ్ కేబుల్ విప్పినప్పుడు చూసుంటావు, బయట గొట్టం, లోపల తీగ. తీగలో ఒక పోగు తెగి ముద్ద కట్టిందనుకో, గొట్టం మూతి దగ్గర ఇరుక్కుంటుంది, గట్టిగా లాగితే టక్కున జారుతుంది. వేళ్లలో కండ ఉండదు, వాటిని మడిచే ముఖ్యమైన కండలు ముంజేతిలో ఉంటాయి, అక్కడి నుంచి టెండన్ అనే తాడు మణికట్టు దాటి, అరచేతి దాటి, వేలి మొదట్లో ఒక బిగుతైన పట్టీ కిందుగా దూరి వేలి కొసకు పోతుంది. రోజూ అదే చోట ఒరుసుకుంటే పట్టీ మందం అవుతుంది, తాడు మీద ఉబ్బు వస్తుంది. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే చూసుకో: ఉంగరం వేలు మొదలయ్యే చోట, అరచేతి పైగీత దగ్గర, ఎడమ బొటనవేలు ఆనించి ఆ వేలిని మెల్లగా మడిచి తెరువు. కందిగింజంత గట్టిది ఏదో లోపల అటూ ఇటూ జరుగుతున్నట్టు తగులుతుంది, నొక్కితే నొప్పి కూడా ఉంటుంది.

దీనికి మొదటి వైద్యం విశ్రాంతే. నాలుగు నుంచి ఆరు వారాలు బిగించి పట్టుకునే పనులు తగ్గించు. షెడ్డులో స్పానర్ పట్టక తప్పదు కాబట్టి పిడికి పాత సైకిల్ ట్యూబు చుట్టు, లావుగా ఉంటే వేలు అంతగా మడవాల్సిన పని ఉండదు. రాత్రి వేలు నిటారుగా ఉండేలా చిన్న స్ప్లింట్ పెట్టుకో, పొద్దున గోరువెచ్చని నీళ్లలో ఐదు నిమిషాలు చెయ్యి ఉంచి ఆ తర్వాతే మెల్లగా కదిలించు. ఎడమ చేత్తో టక్కున లాగే అలవాటు మానెయ్, అలా లాగిన ప్రతిసారీ ఆ ఉబ్బు మళ్లీ ఒరుసుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్ దగ్గర వేలి మొదట్లో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకోవాల్సి రావచ్చు, ఎక్కువ మందికి దానితోనే సర్దుకుంటుంది. అదీ పనిచేయకపోతే చెయ్యి వరకు మత్తు ఇచ్చి ఆ పట్టీని కొంచెం కోస్తారు, అదేరోజు ఇంటికి పోవచ్చు. ఒకసారి షుగర్, థైరాయిడ్ పరీక్ష చేయించు. 24 ఏళ్లకే ఎందుకు అనుకోకు, షుగర్ ఉన్నవాళ్లలో ఈ సమస్య ఎక్కువ, ఉందో లేదో తెలిసిపోతే పీడా పోతుంది.

వేలు మొత్తం ఎర్రగా వాచి, ముట్టుకుంటే వేడిగా ఉండి, నిటారుగా చాపబోతే ప్రాణం పోయేంత నొప్పి ఉంటే మాత్రం అది ట్రిగ్గర్ ఫింగర్ కాదు, లోపల ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆరోజే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి గానీ దగ్గర్లోని ఆసుపత్రికి గానీ వెళ్లు, తెల్లారేదాకా ఆగకు.

ఇప్పుడు గ్రిప్పర్. నువ్వు ఎందుకు అరగదీశావో నాకు అర్థమైంది. ఆ కంపెనీ లెక్క ప్రకారం ఒకటో నంబరు మూయడానికి 140 పౌండ్ల బలం కావాలి, రెండోదానికి 195. అంటే మన లెక్కలో సుమారు 63 కిలోల నుంచి ఒకేసారి 88 కిలోలకు దూకాలి. మధ్యలో ఒకటిన్నర నంబరు, 167.5 పౌండ్లది, ఉంది కానీ మళ్లీ కొనాలి కదా, చేతిలో ఆకురాయి ఉన్నవాడు ఎందుకు కొంటాడు. పిడులు లోపల అరిగితే ఒకదానికొకటి తగలడానికి ఇంకా లోపలికి రావాలి, స్ప్రింగు ఎంత తిరిగితే అంత ఎదురు తంతుంది, కాబట్టి అదే గ్రిప్పర్ బరువెక్కుతుంది. ఆలోచన తప్పు కాదు, పట్టు మీద పిచ్చి ఉన్నవాళ్లు చాలా ఏళ్లుగా చేస్తున్నదే.

అయితే ఒక పని చెయ్. మణికట్టును పూర్తిగా లోపలికి వంచి, అలాగే పిడికిలి బిగించి చూడు. బిగుసుకోదు. కండ అప్పటికే కుంచించుకుపోయి ఉంటుంది, ఇంక లాగే చోటు దానికి లేదు. గ్రిప్పర్ చివరి సెంటీమీటరులో జరిగేది కూడా దాదాపు ఇదే, వేళ్లు పూర్తిగా మడిచి ఉంటాయి కాబట్టి కండ బలహీనంగా ఉండే చోట స్ప్రింగు అన్నిటికంటే బలంగా ఉంటుంది. అందుకే నీ రెండో నంబరు వేలు మందం దగ్గర ఆగింది. మణికట్టును కాస్త వెనక్కి వంచి పట్టుకుంటే అంతో ఇంతో బలం కలిసొస్తుంది. వేలు బాగా మడిచినప్పుడే టెండన్ ఆ పట్టీని గట్టిగా నొక్కుతుంది. నువ్వు అరగదీసి, క్లిప్పు బిగించి, రోజూ, కేవలం ఆ చివరి ముక్కనే చేశావు. కండ వారాల్లో బలపడుతుంది, టెండన్‌కు రక్తసరఫరా తక్కువ, దానికి నెలలు పడుతుంది. ఏడాదంతా బాగానే ఉండి ఇప్పుడు వేలు మొరాయించడానికి కారణం అదే అయి ఉంటుంది.

అసలు నేను అడగాలనుకున్నది వేరే. కార్నర్‌లో ఆడేవాడివి, నీకు కావాల్సింది యాంకిల్ హోల్డ్. రైడర్ చీలమండ పట్టినప్పుడు నీ వేళ్లు అరచేతికి తగులుతాయా? తగలవు, మధ్యలో ఎముక ఉంటుంది, చెయ్యి సగం తెరిచే ఉంటుంది. బలం మనం ఏ మడతలో సాధన చేస్తే ఎక్కువగా ఆ మడతలోనే పెరుగుతుంది. అంటే పిడులు అరగదీసి నువ్వు కష్టపడి సంపాదించిన బలం కబడ్డీ కోర్టులో అక్కరకు వచ్చేది తక్కువ! ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు మోసే హమాలీలతో చెయ్యి కలిపి చూడు, వాళ్లలో ఎవరైనా గ్రిప్పర్ నొక్కారా? వాళ్ల చేతుల్లో ఉన్నది నలిపే బలం కంటే పట్టుకుని వదలని బలం, నీకు కావాల్సింది కూడా అదే.

కాబట్టి వేలు టక్కుమనడం పూర్తిగా ఆగి రెండు వారాలు గడిచాక ఇలా మొదలుపెట్టు. ఖాళీ పెయింట్ బకెట్లు రెండు తీసుకుని కొంచెం ఇసుక పొయ్యి, పట్టుకునే తీగకు పాత టవల్ లావుగా చుట్టు, రెండు చేతుల్లో పట్టుకుని గ్రౌండ్‌లో ముప్పై అడుగులు నడువు. వారం వారం ఇసుక కొంచెం పెంచు. పుల్లప్ బార్ మీద టవల్ వేసి దాన్ని పట్టుకుని వేలాడడం కూడా మంచిదే. గ్రిప్పర్ వారానికి రెండుసార్లు, మధ్యలో కనీసం రెండు రోజుల గ్యాప్, ముందు తేలికదానితో చెయ్యి వేడెక్కించాకే. పైపు క్లిప్పు ఆలోచన నాకు నచ్చింది, కానీ నువ్వు వాడింది పిడులను దగ్గరగా బిగించి చివరి ముక్క మాత్రమే చేయడానికి. దాన్ని వదులు చేస్తూ పోయి, ఇంకా ఎక్కువ తెరిచిన దగ్గర నుంచి మొదలుపెడితే పనికొస్తుంది. రెండు చేతులతో మూసి ఒక చేత్తో ఆపి ఉంచే పద్ధతిని ఆరు నెలలు ముట్టుకోవద్దు. నొక్కిన ప్రతిసారీ తెరిచే వ్యాయామం కూడా చెయ్, ఐదు వేళ్లకూ రబ్బరు బ్యాండు వేసి విప్పడం, ఇరవై సార్లు. దీన్ని ఎవరూ చెయ్యరు, మోచేయి లోపల నొప్పి అంటూ వస్తారు.

అరగదీయడం మళ్లీ మొదలుపెడితే అద్దాలు పెట్టుకుని చెయ్, ముఖ్యంగా గ్రైండర్ వాడితే. కంట్లో ఇనుప రజను పడి వచ్చే కుర్రాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. స్ప్రింగు జోలికి మాత్రం పోవద్దు, దానికి వెల్డింగ్ వేడి తగిలితే బిగువు పోతుంది, ఎప్పుడో ఒకసారి నీ చేతిలోనే విరుగుతుంది.

బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే, లేదా చిటికెన వేలు కింద అరచేతి మడమ దగ్గర పిడి ఒత్తుకున్న చోట నొప్పి నిలిచిపోతే అది వేరే సమస్య, చూపించుకో.

ఇక బాపు. పిచ్చి అని ఆయన అన్నది సగమే నిజం. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 17 దేశాల వాళ్ల మీద, మన దేశం కూడా అందులో ఉంది, ఒక పెద్ద అధ్యయనం వచ్చింది, చేతి పట్టు 5 కిలోలు తగ్గిన కొద్దీ మరణాల ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. అలాగని గ్రిప్పర్ నొక్కితే ఆయుష్షు పెరుగుతుందని కాదు, పట్టు తగ్గడం ఒంట్లో సత్తువ తగ్గిందని చెప్పే గుర్తు, అంతే. బీపీ సంగతి నువ్వు విన్నది నిజమే కానీ పద్ధతి వేరు. పూర్తి బలంలో మూడో వంతుతో మాత్రమే రెండు నిమిషాలు పట్టి ఉంచాలి, కాసేపు ఆగాలి, ఇలా నాలుగు సార్లు, వారానికి మూడు రోజులు, ఊపిరి బిగబట్టకుండా. దీనితో బీపీ కొన్ని పాయింట్లు తగ్గొచ్చు. మాత్రలు మాత్రం ఆపకూడదు, బీపీ కంట్రోల్‌లో లేకపోతే డాక్టర్‌ను అడగకుండా మొదలుపెట్టకూడదు. నీ గ్రిప్పర్లు ఆయనకు ఇవ్వకు, పళ్లు బిగించి ఊపిరి ఆపి నొక్కితే ఆ క్షణంలో బీపీ పైకి ఎగబాకుతుంది. మెత్తటి రబ్బరు బంతి ఒకటి కొనిపెట్టు, చాలు.