రాసింది 1,200... తిన్నదెంత?

ప్రశ్న: నా వయసు 42, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కిలోలు. రెండు నెలలుగా ఫోనులో రోజూ తిండి లెక్క రాస్తున్నాను. 1,200 కేలరీలు దాటడం లేదు, అయినా బరువు కదలడం లేదు. ఇంట్లో నలుగురం, వంట నాదే. రోజుకు రెండు చెంచాల నూనె, నాలుగు టీలు రాస్తాను. థైరాయిడ్ పరీక్షలో తేడా లేదన్నారు.
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు మీ ఒంటికి ఎంత కావాలో చూద్దాం. బరువును 10తో, ఎత్తును 6.25తో హెచ్చించి రెండూ కలపండి. అందులోంచి వయసుకు 5 రెట్లు, ఆపైన 161 తీసేయండి. (మగవాళ్లయితే 161 తీసేయకుండా 5 కలుపుకోవాలి.) మీకు దాదాపు 1,318 కేలరీలు వస్తుంది, కదలకుండా పడుకున్నా ఒంటికి కావలసింది ఇంత. ఇంటి పని, కాస్త నడక ఉన్నవాళ్లకు దాన్ని 1.3తో హెచ్చిస్తే సుమారు 1,710. నిజంగా 1,200 మాత్రమే తింటుంటే రెండు నెలల్లో మూడు కిలోలైనా తగ్గాలి. తగ్గలేదంటే రాతకూ తిండికీ మధ్య రోజుకు 400 నుంచి 500 కేలరీల దాకా తేడా ఉందన్నమాట. ఇది మీ నిజాయితీ మీద అనుమానం కాదు. ఇంటివంటలో ఆ తేడా కంటికి కనిపించదు, అంతే.

మొదట నూనె. నెలకు ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయో లెక్కపెట్టండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది, గ్రాముకు 9 కేలరీలు. నలుగురికి నెలకు నాలుగు లీటర్లయితే మనిషికి రోజుకు దాదాపు 273 కేలరీలు. మీరు రాసిన రెండు చిన్న చెంచాలు 80 మాత్రమే. అంటే 190 దాకా లెక్కలోకి రాలేదు. వేపుడు చేసి పారబోసిన నూనె ఉంటే అంత తీసేయండి. సీసా వంచి పోసే చోట చెంచా లెక్క ఎప్పుడూ తప్పుతుంది. సీసాను పోయకముందు ఒకసారి, పోశాక ఒకసారి తూచండి. తగ్గిన గ్రాములే నూనె.

తరవాత టీ. 75 మి.లీ. టోన్డ్ పాలకు 45, రెండు చెంచాల పంచదారకు 40, కలిపి గ్లాసుకు 85. నాలుగు గ్లాసులకు 340. యాప్‌లో 'టీ' అని నొక్కితే చాలాసార్లు 30 చూపిస్తుంది. అది పాలు, పంచదార పలచగా పడిన టీ, మీ ఇంటి టీ కాదు. నాలుగు టీలకు 120 అని రాసి ఉంటే ఇక్కడ మరో 220 తప్పిపోయినట్టే. నూనె, టీ ఈ రెండింటితోనే తేడా 400 దాటిపోయింది. ఇక రుచి చూసిన గరిటెలు, పిల్లల కంచంలో మిగిలిన ముద్దలు ఉండనే ఉన్నాయి.

అందరికీ కలిపి వండినదాన్ని ఇలా లెక్కకట్టండి. గ్రాము దాకా చూపే 5 కిలోల డిజిటల్ తూకం కొనుక్కోండి. ప్రతి గిన్నె ఖాళీ బరువూ తూచి వంటింటి గోడమీద ఒక కాగితంలో రాసి పెట్టుకోండి. దాల్మా (పప్పు, కూరగాయలు కలిపి వండే ఒడియా వంట) చేస్తున్నారనుకోండి: పచ్చి కందిపప్పు 150 గ్రాములకు 500, గుమ్మడి, బొప్పాయి, అరటికాయ, బంగాళాదుంప కలిపి అర కిలోకు 230, నెయ్యి 30 గ్రాములకు 270, కొబ్బరికోరు 30 గ్రాములకు 110. మొత్తం 1,110. దించాక గిన్నెతో సహా తూచి ఖాళీ బరువు తీసేస్తే 1,480 గ్రాములు వచ్చిందనుకుందాం. గ్రాముకు 0.75 కేలరీలు పడింది. మీ కంచంలో 200 గ్రాములు పడితే 150. నీళ్లు ఎక్కువైనా, ఇగిరిపోయినా ఈ లెక్క చెడదు. 'ఒక కటోరీ దాల్మా' అని రాస్తే మాత్రం చెడుతుంది, ఒక్కో ఇంట్లో కటోరీ ఒక్కో సైజు కదా.

ఈ పద్ధతిలో రెండు వారాలు రాయండి. ఆ తరవాతే రోజు తిండిని 1,300 దగ్గర పెట్టుకోండి. 1,200 కంటే కిందికి మాత్రం వైద్యుల సలహా లేకుండా దిగకండి.

ప్రశ్న: ఎండాకాలమంతా మా ఇంట్లో పగలు పఖాలే. రాత్రి నీళ్లు పోసిన అన్నం పొద్దుటికి ఉబ్బి బరువెక్కుతుంది. దాన్ని ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: పెరిగింది నీటి బరువు, దానికి కేలరీలు లేవండి. నీళ్లు పోయకముందే మీ వంతు అన్నం తూచి రాసేయండి. ఇంకా మంచిది బియ్యంగా ఉన్నప్పుడే తూచడం. 100 గ్రాముల బియ్యానికి 356 కేలరీలు, ఉప్పుడు బియ్యమైనా దాదాపు అంతే. అదే బియ్యం ఉడికితే 250 నుంచి 300 గ్రాములవుతుంది, అప్పుడు 100 గ్రాములకు 130 దాకా ఉంటుంది. ఎక్కువమంది తప్పు ఇక్కడే. బియ్యం తూచి, యాప్‌లో 'ఉడికిన అన్నం' ఎంచుకుంటారు. 100 గ్రాములకే 226 కేలరీలు గల్లంతు. గంజి వారిస్తే కొంత పిండి పోతుంది గానీ దాన్ని తీసేయకండి, లెక్క కాస్త ఎక్కువ పడ్డా నష్టం లేదు.

పఖాలలోకి తినేవి మరిచిపోవద్దు. వేయించిన వడియాలు, చేప వేపుడు, బంగాళాదుంప ముద్దలో కలిపే పచ్చి ఆవనూనె. ఆ నూనె ఒక పెద్ద చెంచా 120 కేలరీలు, అంటే ఉడికిన అన్నం 90 గ్రాములకు పైనే. వేపుడుకు బాండీని నూనెతో సహా ముందు తూచి, సరుకు తీసేశాక మళ్లీ తూచండి. తగ్గినంతా సరుకు పీల్చిందని రాసుకోండి. బజారులో కొనే బారా (మినప గారె) మాత్రం తూచలేం. 50 గ్రాములది ఒక్కటికి 150 వేసుకోండి.

ప్రశ్న: హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికలో చోళ్లకు (రాగులకు) 1,342 అని ఉంది. చోడి అంబలి తాగితే బరువు పెరుగుతామా?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: కంగారు పడకండి. ఆ పట్టికలో శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది. 4.184తో భాగిస్తే 321 కేలరీలు, అదీ 100 గ్రాముల పొడి పిండికి. గ్లాసు అంబలికి 25 గ్రాముల పిండి పడితే 80. మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయతో తాగితే పెద్దగా పెరగదు. బెల్లం వేస్తే గ్రాముకు సుమారు 4 కలుపుకోండి.

ప్రశ్న: లెక్క సరిగ్గానే రాస్తున్నాను. నిన్నటికీ ఇవాళ్టికీ కిలో పెరిగాను. షుగర్‌కు గ్లిమిపిరైడ్ వాడుతున్నాను.
– ఒక పాఠకుడు, గునుపురం

జవాబు: ఒక్క రాత్రిలో కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి 7,700 కేలరీలు తినాలి. అది ఉప్పు పట్టి ఉంచిన నీరు, కడుపులో ఉన్న తిండి. ఆవకాయ, ఎండుచేప తిన్న మర్నాడు ఇలాగే ఉంటుంది. రోజూ పొద్దున దొడ్డికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూగండి. ఏడు రోజుల సగటును గత వారం సగటుతో పోల్చండి. ఆడవాళ్లు ఈ నెల బరువును పోయిన నెలసరి చక్రంలోని అదే రోజులతో పోల్చుకోవాలి. మూడు వారాలు సగటు దిగకపోతేనే రోజుకు 100 నుంచి 150 కేలరీలు తగ్గించండి.

మీ మాత్ర సంగతి మాత్రం ముఖ్యం. అది వేసుకుంటూ తిండి తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఇన్సులిన్ వాడేవాళ్లకూ ఇదే భయం. కాబట్టి తిండి తగ్గించే ముందే మీ డాక్టరుతో మోతాదు మాట్లాడండి. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తరవాత చక్కెర చూసుకుని, 70 దాటకపోతే మళ్లీ తాగండి. ఆ రోజు కేలరీల లెక్క పక్కన పెట్టేయండి.