మొదటి బేస్ రిగ్ కొనే ముందు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలు చాలావరకు బేస్ జంపింగ్ గురించే, అంటే స్కైడైవింగ్‌లోలా విమానంలోంచి కాకుండా భవనాలు, టవర్లు, వంతెనలు, కొండ అంచుల మీంచి పారాషూట్‌తో దూకడం గురించి. ఎక్కువమంది ఏం కొనాలి అని అడిగారు. అది చెబుతాను, కానీ ఏ ప్రశ్న తీసుకున్నా కానపీ, అంటే తెరుచుకున్న పారాషూట్ గుడ్డ, నడపడం దగ్గరికే వస్తోంది, కాబట్టి మాట అటు మళ్లితే విసుక్కోకండి.

ప్రశ్న: నావి 180 స్కైడైవ్‌లు అయ్యాయి, బరువు 80 కిలోలు. ఇప్పుడు 150 చదరపు అడుగుల కానపీ మీద బాగానే దిగుతున్నాను. 220 చదరపు అడుగుల బేస్ కానపీ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతోంది. నాదానికంటే చాలా పెద్దదే కదా, తీసుకోవచ్చా?

వద్దండి. లెక్క వేసి చూడండి. మీ బరువుకి రిగ్ (పారాషూట్, దాని సంచి, పట్టీలు అన్నీ కలిపి), హెల్మెట్, బూట్లు, ప్యాడ్లు కలిపితే దగ్గర దగ్గర 90 కిలోలు, అంటే 198 పౌండ్లు. 220 చదరపు అడుగుల మీద అది చదరపు అడుగుకి 0.9 పౌండ్లు పడుతుంది. కొత్తవాళ్లకి 0.7 దగ్గర ఉండమని చెప్తారు, ఆ లెక్కన మీకు 280 దరిదాపుల్లో కావాలి. ఇప్పుడు మీరు ఎగురుతున్నది 1.3 మీద, అందుకే 220 మీ కంటికి పెద్దదిగా కనిపిస్తోంది. స్కైడైవింగ్ చేసే డ్రాప్ జోన్‌లో మీకు చదునైన మైదానం ఉంది, గాలి చూసుకుని చక్కగా మలుపులు తిరిగి వచ్చేంత ఎత్తు ఉంది, చివర్లో రెండు బ్రేకులూ కిందికి లాగి బాగా ఫ్లేర్ చేస్తే వేగం మొత్తం చచ్చిపోతుంది. కొండ కింద రాళ్ల మధ్య చిన్న ఖాళీ జాగాలో నిటారుగా, నెమ్మదిగా దిగాల్సి వచ్చినప్పుడు ఆ ఫ్లేర్‌కి కావాల్సిన వేగమే మీ దగ్గర ఉండదు. అప్పుడు కాపాడేది పెద్ద గుడ్డే.

సెకండ్ హ్యాండ్ తప్పేం కాదు, సరైన సైజు దొరికితే హాయిగా కొనండి. కాకపోతే బేస్ రిగ్‌లు ప్యాక్ చేసే అనుభవజ్ఞుడి చేత గుడ్డ గాలి ఎంత వదిలేస్తోందో, లైన్లు (కానపీ నుంచి కిందికి వచ్చే తాళ్లు) సాగాయో కుంచించుకుపోయాయో, అతుకులు ఎక్కడున్నాయో చూపించాకే డబ్బులివ్వండి.

ప్రశ్న: మా తమ్ముడు ఇందులోకి దిగుతానంటున్నాడు. బేస్ జంపింగ్‌లో రిజర్వ్ పారాషూట్ ఉండదట, నిజమేనా? వింటేనే టెన్షన్‌గా ఉంది. అసలు ఎందుకు ఉండదు?

నిజమేనమ్మా. ఒక్కటే ఉంటుంది. 148 మీటర్ల వంతెన మీంచి వదిలేసిన మనిషి ఏ పారాషూటూ లేకపోతే ఆరు సెకన్ల లోపే కిందికి చేరిపోతాడు. దూకినవాడు రెండో సెకనులో పారాషూట్ తీశాడనుకోండి, అది సరిగా రాలేదని గమనించి, దాన్ని వదిలించుకుని, రెండోది తీసి, అది నిండేదాకా ఆగే టైమ్ ఆ ఎత్తులో లేదు. అందుకే ఆ ఒక్కదాన్నీ తప్పకుండా తెరుచుకునేలా చేయడం మీదే శ్రద్ధంతా పెడతారు: కానపీకి ఏడు గదుల సాదా ఆకారం, పెద్ద పైలట్ చూట్ (గాలి పట్టుకుని అసలు పారాషూట్‌ని సంచిలోంచి బయటికి లాగే బుల్లి పారాషూట్), తొందరపడకుండా గంటసేపైనా కూర్చుని చేసే ప్యాకింగ్. మీ తమ్ముడిని మీరు ఆపగలరో లేదో నేను చెప్పలేను, కానీ రెండు ప్రశ్నలు మాత్రం తప్పకుండా అడగండి. ఎన్ని స్కైడైవ్‌లు చేశావు, ఎవరి దగ్గర నేర్చుకుంటున్నావు అని. మొదటిదానికి 200 కంటే తక్కువ చెప్పినా, రెండోదానికి వీడియోలు చూసి అన్నా, అతన్ని కూర్చోబెట్టి గట్టిగా మాట్లాడే హక్కు అక్కగా మీకుంది.

ప్రశ్న: కొత్త కానపీ ఆర్డర్ చేద్దామంటే వెంట్లు, లైన్ రిలీజ్ టాగుల్స్, టెయిల్‌గేట్ అని ఆప్షన్లు చాలా ఉన్నాయి. వీటిలో ఏవి అవసరం, ఏవి లేకపోయినా పర్వాలేదు?

మూడూ తీసుకోండి, కానీ మూడూ ఏం చేస్తాయో తెలుసుకుని తీసుకోండి.

వెంట్లంటే కానపీ అడుగు గుడ్డలో ఉండే తెరుపులు. మామూలు కానపీకి గాలి ముందున్న నోట్లోంచే వెళ్లాలి. మీరు ఒకటి రెండు సెకన్లే పడి తీసినప్పుడు వేగం తక్కువ, ముందుకి కదలికే ఉండదు, అందుకని నిండటం ఆలస్యమవుతుంది. అప్పుడు కింది నుంచి కూడా గాలి దూరితే కానపీ త్వరగా బిగుసుకుని మీ మాట వింటుంది. గాలి వెనక్కి పోకుండా లోపల మూతలుంటాయి, అందుకే పొరపాటున కొండకి తగిలినా కానపీ వెంటనే చప్పబడిపోకుండా కొంతైనా నిలబడుతుంది. తక్కువ ఎత్తు జంప్‌లకి ఇది నిజంగా పనికొచ్చే ఖర్చు.

లైన్ రిలీజ్ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. స్లైడర్ (కానపీ ఒక్కసారిగా తెరుచుకోకుండా లైన్ల మీద జారుతూ వచ్చే గుడ్డ ముక్క) తీసేసి చేసే తక్కువ ఎత్తు జంప్‌లలో ఒక కంట్రోల్ లైన్ (కానపీని తిప్పడానికీ బ్రేకు వేయడానికీ లాగే తాడు) కానపీ మీదుగా అటువైపు పడి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, దాన్నే లైన్ ఓవర్ అంటారు, అలా జరిగితే కానపీ గిర్రున తిరుగుతూ కిందికి పోతుంది. స్కైడైవింగ్ రిగ్‌లో ఆ లైను రైజర్ (భుజాల దగ్గర్నుంచి లైన్ల దాకా వెళ్లే పట్టీ) మీదున్న రింగులోంచి దూరి టాగుల్‌కి (చేత్తో పట్టుకునే పిడికి) వస్తుంది కాబట్టి టాగుల్ వదిలేసినా రింగు దగ్గర ఆగిపోతుంది. లైన్ రిలీజ్‌లో లైనుని రింగులోంచి పోనివ్వరు, టాగుల్ వదిలేస్తే లైను మొత్తం పైకి జారిపోయి చిక్కు విడిపోతుంది, ఇక మిగతా దారంతా వెనక రైజర్లతో నడిపి దిగాలి. చేతిలో ఉన్న టాగుల్‌ని కావాలని వదిలేయడం చెప్పినంత తేలిక కాదు, నేల మీద హార్నెస్‌లో (ఒంటికి కట్టుకునే పట్టీల్లో) వేలాడుతూ ఆలోచించకుండా చేయి వదిలేసేదాకా ప్రాక్టీస్ చేయాలి. ఇంకో మాట, స్లైడర్ పైన పెట్టి చేసే జంప్‌లకి లైనుని మళ్లీ రింగులోంచే పోనివ్వాలి. ఈ మార్పు మర్చిపోకుండా మీ ప్యాకింగ్ చెక్‌లిస్ట్‌లో రాసుకోండి.

టెయిల్‌గేట్ చిన్న రబ్బర్ బ్యాండు, కంట్రోల్ లైన్ల పై కొసలను కానపీ తోక (వెనక అంచు) నిండేదాకా ఒకచోట పట్టి ఉంచుతుంది. లైన్ ఓవర్ రాకుండా ముందే ఆపే ఏర్పాటు అది.

మీరు అడగలేదు గానీ వీటన్నిటికంటే ముఖ్యమైనది డీప్ బ్రేక్ సెట్టింగ్. తెరుచుకునేటప్పుడు బ్రేకులు, అంటే ఆ కంట్రోల్ లైన్లు, ఎంత లోతుకి లాగి ఉంచాలన్నది అదే. సరిగా ఉంటే కానపీ తెరుచుకున్నాక దాదాపు ముందుకి పోకుండా నిలబడుతుంది, కొండ వైపు తిరిగి తెరుచుకున్నా మీకు ఆలోచించే టైమ్ ఇస్తుంది. మరీ లోతైతే స్టాల్ అయి, అంటే ఎగిరే పట్టు పోయి, వెనక్కి పడుతుంది. ఫ్యాక్టరీలో పెట్టిన గుర్తు మీ బరువు చూసి పెట్టింది కాదు, కాబట్టి మీ బరువుకి తగ్గట్టు ఎక్కడ ఉండాలో ఎత్తులో పరీక్షించి, మీ ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి మార్చుకోవాలి.

ప్రశ్న: బేస్ కోర్సులో చేరే ముందు డ్రాప్ జోన్‌లో ఏమేం ప్రాక్టీస్ చేయాలి?

చాలా మంచి ప్రశ్న. కుదిరితే మీ బేస్ కానపీనే రిజర్వ్ ఉన్న స్కైడైవింగ్ రిగ్‌లో పెట్టించుకుని, ఎత్తులో విమానంలోంచి దూకగానే పారాషూట్ తెరిచి, మొత్తం టైమ్ కానపీ కిందే గడపండి. ఎవరికీ అడ్డురాకుండా ఎక్కడ ఎగరాలో, ఎక్కడ దిగాలో డ్రాప్ జోన్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

మొదట స్టాల్. బాగా ఎత్తులో ఉండగానే రెండు టాగుల్స్ నెమ్మదిగా కిందికి తెస్తూ వెళ్లండి. ముఖానికి తగిలే గాలి తగ్గిపోతుంది, చెవుల్లో హోరు ఆగిపోతుంది, టాగుల్స్ బరువెక్కుతాయి, ఆ తర్వాత కానపీ ఒక్కసారి వెనక్కి కూలబడుతుంది. మీ చేతులు అప్పుడు ఎక్కడున్నాయో, ఛాతీ దగ్గరా నడుము దగ్గరా తొడల దగ్గరా అన్నది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే చిన్న జాగాలో డీప్ బ్రేకుల మీద దిగేటప్పుడు మీరు సరిగ్గా ఆ గీతకి కాస్త పైనే బతకాలి. బయటికి వచ్చేటప్పుడు చేతులు నెమ్మదిగా ఎత్తండి. ఒక్కసారిగా వదిలేస్తే కానపీ ముందుకి దూకుతుంది, అదే పని నేలకి దగ్గర్లో చేస్తే నడుం పోతుంది.

తర్వాత, తెరుచుకోగానే బ్రేకులు విప్పకుండా వెనక రైజర్‌తో 90 డిగ్రీలు, 180 డిగ్రీలు తిప్పడం. ఎంత త్వరగా తిరుగుతోంది, ఎంత ఎత్తు పోతోంది చూసుకోండి. తర్వాత గురి. ఏదైనా ఒక గుర్తు పెట్టుకుని ప్రతి జంప్‌లోనూ దాని మీదే దిగడానికి ప్రయత్నించండి. కిందికి వస్తున్నప్పుడు నేల మీద పైకీ కిందికీ జరగకుండా కదలక నిలిచి ఉన్న చోటే మీరు దిగబోయే చోటు. అది మీ గుర్తుకి అవతల ఉంటే ఇంకొంచెం బ్రేకు, ఇవతల ఉంటే కొంచెం వదలాలి. ఇది పుస్తకం చదివితే రాదు, కళ్లకి అలవాటవ్వాలి. గాలి తక్కువగా ఉన్న రోజు అడ్డగాలిలో, వెనక గాలిలో కూడా దిగి చూడండి, కాళ్లు దగ్గరగా పెట్టి పక్కకి దొర్లి దిగడం మళ్లీ నేర్చుకోండి. నిలబడే దిగాలన్న పంతమే చాలామంది మడమలు విరగ్గొడుతుంది.

ప్రశ్న: కానపీ కొండ వైపు తిరిగి తెరుచుకుంటే టాగుల్స్ పట్టుకోవాలా, రైజర్లా?

రైజర్లతో మొదలుపెట్టండని కొత్తవాళ్లకి చెప్తాను. బ్రేకులు పెట్టి ఉన్నంతసేపు కానపీ నెమ్మదిగానే పోతుంది. టాగుల్స్ విప్పితే వేగం పెరుగుతుంది, అదీ కొండ వైపే. చేతులు ఎత్తి రైజర్లు పట్టుకుని, తెరుచుకోవడం పూర్తవుతుండగానే లాగేయాలి, కళ్లు దిశ మీదే ఉండాలి. స్లైడర్ లేని జంప్‌లలో టాగుల్స్‌కే చేతులు వేసే అనుభవజ్ఞులున్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు, కానీ మీరు ఏదో ఒకటే ఎంచుకుని అదే వేళ్లకి ఎక్కేదాకా చేయండి, ఆ క్షణంలో రెండింటి మధ్య తడబడితే టైమ్ అయిపోతుంది.

ప్రశ్న: వెల్క్రో రిగ్ మంచిదా, పిన్ రిగ్ మంచిదా? పైలట్ చూట్ ఒక్కటి చాలదా?

మొదటి రిగ్ పిన్‌దే (సంచి మూతని వెల్క్రోతో కాకుండా పిన్‌తో మూసేది) తీసుకోండి, తక్కువ ఎత్తుకీ ఎక్కువ ఎత్తుకీ పనికొస్తుంది, వెల్క్రోలాగా పట్టు అరిగిపోయిందేమోనన్న దిగులు లేదు. పైలట్ చూట్ ఒకటి చాలదు. ఒకటి రెండు సెకన్లు పడి తీసే జంప్‌లకి 46 లేదా 48 అంగుళాలది, మూడు సెకన్ల దగ్గర 42, స్లైడర్ పెట్టి ఎక్కువసేపు పడేవాటికి 38, 36 అలా చిన్నవి. పెద్ద వేగంలో పెద్దది వాడితే ఓపెనింగ్ గట్టి కుదుపుతో వచ్చి కానపీ దారి తప్పుతుంది.

ప్రశ్న: మొదటి జంప్ ఎక్కడ చేయడం మంచిది?

అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని ట్విన్ ఫాల్స్ దగ్గర స్నేక్ నది మీదున్న పెరిన్ వంతెన. ఎత్తు 486 అడుగులు, ఏడాది పొడవునా పర్మిట్ లేకుండా దూకనిస్తారు, కింద నది ఒడ్డున దిగే జాగా ఉంది, మొదటి జంప్ కోర్సులు ఎక్కువగా అక్కడే జరుగుతాయి. వంతెన కాబట్టి కానపీ ఎటు తిరిగి తెరుచుకున్నా ఎదురుగా కొండ గోడ ఉండదు, కొత్తవాళ్లకి అదే పెద్ద మేలు. మొదటిసారి మీరు దూకగానే పారాషూట్ తెరుచుకునేలా మీ పైలట్ చూట్‌ని ఇన్‌స్ట్రక్టర్ చేత్తో పట్టుకుంటారు. నీళ్లలో పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి తేలడానికి లైఫ్ జాకెట్ లాంటిది వేసుకోకుండా దూకకండి, నీళ్లలో తడి కానపీ, లైన్ల మధ్య హార్నెస్ ఎలా విప్పుకోవాలో ముందే ఒడ్డు మీద చేసి చూసుకోండి.