పప్పు కట్టు కాదమ్మా, పప్పు పెట్టు

సుజా,

పెద్దాడు సన్నగా ఉన్నాడని, ప్రొటీన్ చాలట్లేదేమోనని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను, ఆ పౌడర్ డబ్బా ఫొటో కూడా చూశాను. అది కొనకు. డబ్బా వెనక సన్నక్షరాల్లో పంచదార ఎంతుందో ఒకసారి చదివితే నీకే తెలుస్తుంది. ఇలాంటి వాటిని 'హెల్త్ డ్రింక్స్' అని చెప్పి అమ్మొద్దని 2024లో కేంద్ర ప్రభుత్వమే ఆన్‌లైన్ షాపులకి చెప్పింది.

ముందు నీ టెన్షన్ తగ్గే లెక్క ఒకటి చెప్తాను. హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ల ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకి రోజుకి 16 గ్రాముల ప్రొటీన్ సరిపోతుంది, ఏడు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి 23. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, 200 మిల్లీల గ్లాసుడు పాలలో ఇంకో ఆరు, 30 గ్రాముల కందిపప్పు వండితే అందులో మరో ఆరు. అన్నంలో ఉండేది నేను లెక్కలో వెయ్యనే లేదు.

మరి తేడా ఎక్కడొస్తుందంటే, వడ్డించే దగ్గర. అంగన్‌వాడీలో ఉన్నన్నాళ్లూ ఇదే చూశాను. రోజూ పప్పన్నమే పెడుతున్నానండీ అంటారు, తీరా చూస్తే పైన తేరిన కట్టు అన్నంలో పోసి పిసికి పెట్టడం, అరగదేమోనని అడుగున ఉన్న పప్పంతా పెద్దవాళ్ల కంచాల్లోకి. ఆ తేటలో ప్రొటీన్ ఎంతుంటుంది చెప్పు! సాంబారైనా అంతే, గరిటె అడుగుదాకా పోనివ్వు. మెత్తగా ఉడికిన పప్పు ఏడో నెల పిల్లలకే అరుగుతుంది, ఐదేళ్లవాడికి అరగదా?

పప్పూ అన్నం కలిపి పెట్టడంలో ఒక కిటుకుంది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసిన్ అనేది బియ్యంలో తక్కువ, పప్పులో అది బాగా ఉంటుంది. పప్పులో తక్కువయ్యే మెథియోనిన్ అనే ఇంకో ముక్క బియ్యం నుంచి వస్తుంది. ఇడ్లీ, దోసె, పులగం అన్నిట్లోనూ ఈ జోడీయే. ఉప్మా రోజు మాత్రం పల్లీ చట్నీ కాస్త ధారాళంగా వెయ్యి.

నెయ్యి ఎందుకు మానిపించావో నాకర్థం కాలేదు. పరిగెత్తి ఆడే పిల్లాడికి శక్తి చాలకపోతే ఒళ్లు ప్రొటీన్‌నే కాల్చేసుకుంటుంది, పొయ్యిలోకి కట్టెల్లేక తలుపు విరిచి పెట్టినట్టు. ఇక ఎదగడానికి ఏం మిగులుతుంది? కాబట్టి కడుపునిండా అన్నం, ఒక చెంచా నెయ్యి, ఆ తర్వాతే ప్రొటీన్ గొడవ.

అన్నం తినకపోయినా పాలు తాగుతున్నాడులే అని అదే పనిగా పాలు పట్టకు. రెండు గ్లాసులు చాలు. ఎక్కువైతే ఆకలి చచ్చిపోతుంది, పైగా పాలలో ఐరన్ దాదాపు ఉండదు, రక్తం తగ్గుతుంది. గుడ్డులో పచ్చసొన తీసెయ్యకు, ప్రొటీన్‌లో మంచి వాటా అందులోనూ ఉంది. మీ అత్తగారు శనివారం గుడ్డు వండనివ్వరుగా, ఆ రోజు సాయంత్రం శనగ గుగ్గిళ్లు చెయ్యి, లేదా ఒక సున్నుండ చేతిలో పెట్టు (మినుములు, బెల్లం, నెయ్యి, ఇంతకన్నా ఏ డబ్బాలో ఏముంది?). చిన్నదానికి మాత్రం పల్లీలు, శనగలు గింజలుగా ఇవ్వకు, గొంతుకి అడ్డం పడితే ప్రమాదం. పొడి కొట్టి అన్నంలోనో జావలోనో కలుపు.

ఇంకో మాట. సన్నగా ఉన్నాడని కంటితో చూసి తేల్చకు, వాళ్ల నాన్న ఆ వయసులో ఇంతకన్నా పుల్లలా ఉండేవాడు. నెలకోసారి బరువు, అప్పుడప్పుడు ఎత్తు రాసిపెట్టుకో. అంగన్‌వాడీకి వెళ్తే చార్టు మీద చుక్క పెట్టి చూపిస్తారు. నెలలు గడుస్తున్నా బరువు కదలకపోయినా, పాదాలు వాచినట్టున్నా, నాకు ఫోన్ చేస్తూ కూర్చోకుండా ఆ రోజే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

మీ పెద్దమ్మ