బుకారెస్ట్ నుంచి డ్రాక్యులా కోటల టూర్: సోమవారం వద్దండి

మోకాళ్ల నొప్పులున్న అమ్మగారితో సోమవారం రొమేనియాలోని పెలెష్, బ్రాన్ కోటల గైడెడ్ టూర్ బుక్ చెయ్యొచ్చా అని అడిగారు కదా. దయచేసి రోజు మార్చుకోండి. సోమవారం పెలెష్‌కు సెలవు, బ్రాన్ మధ్యాహ్నం 12కి గానీ తెరవరు. బుధ, గురువారాలు మేలు. శని, ఆదివారాల్లో పెలెష్ ఉన్న సినాయా ఊరి రోడ్డు మీద ట్రాఫిక్ కదలదు.

బ్రాన్‌లో గేటు నుంచి కోట దాకా ఎక్కుడు దారి. లోపల ఒకటో అంతస్తు నుంచి మూడో అంతస్తుకు వెళ్లే రహస్య మెట్లదారి మరీ ఇరుకు, మనిషి వెనక మనిషి వెళ్లాల్సిందే. అమ్మగారు కింద పార్కులో చెరువు పక్కన హాయిగా కూర్చోవచ్చు. అన్నట్టు, డ్రాక్యులా అనే పేరు ఎవరిదో ఆ పాతకాలపు పాలకుడు వ్లాద్ తెపెష్ బ్రాన్‌లో కాపురమున్న దాఖలాల్లేవు. అక్కడ మనసుపెట్టి చూడాల్సింది 1920లో ఆ కోటను కానుకగా అందుకున్న రొమేనియా రాణి మరియా గదులు. వ్లాద్ అసలు కోట పొయెనారి. దానికి 1480 మెట్లు, ఈసారికి వదిలేయండి.

డబ్బు కట్టేముందు కోట టికెట్లు టూర్ ధరలో కలిశాయో లేదో కనుక్కోండి.