అడ్మిన్ అయ్యావంటగా నాన్నా

నాన్నా,

మీ ఆఫీసులో మెయిల్స్, ఫైల్స్ ఉండే గూగుల్ వర్క్‌స్పేస్, అందరూ చాట్ చేసుకునే స్లాక్, కోడ్ దాచుకునే గిట్‌హబ్ అన్నీ ఇకమీదట నువ్వే చూస్తావంటగా, మీ అమ్మ ఫోన్ చేసి "వాడికి అడ్మిన్ పోస్ట్ ఇచ్చారే" అని ప్రమోషన్ వచ్చినంత సంబరంగా చెప్పింది. నేను మాత్రం పాపం పిల్లాడు అనుకున్నా, ఇన్నేళ్ళు ఇదే పని చేసినదాన్ని కదా. ఫోన్లో చెప్తే నీకు గుర్తుండదు, అందుకే రాస్తున్నా.

ముందు గూగుల్‌లో సూపర్ అడ్మిన్లు, అంటే అన్ని హక్కులూ ఉన్నవాళ్ళు, ఎంతమంది ఉన్నారో లిస్ట్ తీయి. చిన్న కంపెనీల్లో మొదట్లో చేరిన ప్రతివాడికీ అది ఇచ్చేసి ఉంటారు, ఆ అకౌంట్‌తోనే రోజూ మెయిల్స్ చూసుకుంటూ ఉంటారు. ఎవడో పంపిన దొంగ లింక్ ఒక్కటి నొక్కితే కంపెనీ మొత్తం తాళాలు వాడి చేతిలో పెట్టినట్టే. అలాగని ఒక్కడికే ఉంచకు, వాడి ఫోన్ పోయిందంటే అందరూ బయటే నిలబడాలి. ఇద్దరు ఉండాలి, ఆ పనికి వేరే అకౌంట్ ఉండాలి, టూ స్టెప్ వెరిఫికేషన్ ఉండాలి, బ్యాకప్ కోడ్స్ ప్రింట్ తీసి ఆఫీసు లాకర్లో పెట్టాలి. స్లాక్‌లో ప్రైమరీ ఓనర్ అని ఒక్కడే ఉంటాడు చూడు, ఆ పదవి వాడే స్వయంగా ఇంకొకరికి అప్పజెప్పాలి, వాడు మానేస్తున్నాడని తెలిస్తే ఆఖరి రోజు దాకా ఆగకుండా ఆ పని చేయించు.

ఇంకోటి, మనవాళ్ళకి అడ్మిన్ అంటే హోదా. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో చూస్తున్నాం కదా, అక్కడ కూడా దానికోసం అలకలే! ఎవరైనా "నాకు అడ్మిన్ ఇవ్వు" అంటే కుదరదు అనకు, "మీరు ఏం పని చేయాలో చెప్పండి" అను, అంతే. గిట్‌హబ్‌లో రీడ్, ట్రయాజ్, రైట్, మెయింటైన్, అడ్మిన్ అని 5 రోల్స్ ఊరికే పెట్టలేదు, ఇష్యూలకి, అంటే అక్కడ నమోదయ్యే బగ్‌లు, పనులకి, లేబుల్ పెట్టి క్లోజ్ చేసే అమ్మాయికి ట్రయాజ్ చాలు, కోడ్ రాసేవాళ్ళకి రైట్ చాలు. గూగుల్‌లో టీమ్ అంతా కలిసి వాడే షేర్డ్ డ్రైవ్‌లో ఇంటర్న్‌కి కంట్రిబ్యూటర్ ఇస్తే ఫైల్స్ పెట్టగలడు, మార్చగలడు, కానీ డిలీట్ చేయలేడు, మనకి కావాల్సింది అదే. బయట ఫ్రీలాన్సర్ వస్తే స్లాక్‌లో గెస్ట్‌గా ఒక్క ఛానెల్‌కే పిలువు, మెంబర్‌ని చేశావా పబ్లిక్ ఛానెల్స్ అన్నీ చదివేస్తాడు. బాస్ వాదిస్తే 1975లోనే సాల్జర్, ష్రోడర్ అని ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు ఎవరికైనా పనికి సరిపడా హక్కులే ఇవ్వాలని రాసిపెట్టారని చెప్పు, నా మాట వినకపోయినా వాళ్ళ మాట వింటారు. వీలైనంతవరకు మనిషికి కాకుండా గ్రూప్‌కి యాక్సెస్ ఇవ్వు, లేదంటే సపోర్ట్‌లో చేరి, టెస్టింగ్‌కి వెళ్ళి, ఇప్పుడు సేల్స్‌లో ఉన్నవాడు మూడు చోట్ల యాక్సెస్ మూటగట్టుకుని తిరుగుతుంటాడు.

అసలు కష్టం ఇవ్వడంలో లేదురా, తీయడంలో ఉంది. నా సంగతే చెప్తా విను. అప్పట్లో ఒక కంపెనీలో అకౌంట్స్ అబ్బాయి మానేశాడు, నేను చాలా చురుగ్గా ఉన్నానని అదే సాయంత్రం వాడి గూగుల్ అకౌంట్ డిలీట్ కొట్టేశా, ఫైల్స్ ఇంకొకరికి ట్రాన్స్‌ఫర్ చేయాలా అని అడిగితే దాన్ని కూడా దాటేశా. నెల తర్వాత వెండార్ల పేమెంట్ షీట్ కనిపించట్లేదన్నారు, చూస్తే అది వాడి మై డ్రైవ్‌లో, అంటే వాడి సొంత అకౌంట్ ఫైల్స్‌లో, ఉండేది, అందరూ వాడుతున్నారు కాబట్టి కంపెనీదే అనుకున్నాం. డిలీట్ చేసిన యూజర్‌ని 20 రోజుల్లోపే వెనక్కి తేగలం, ఆ గడువు దాటిపోయింది. పాత మెయిల్స్‌లో అటాచ్‌మెంట్లు వెతుక్కుంటూ రెండు వారాలు కూర్చున్నాం, మా మేనేజర్ ఒక్క మాట కూడా అనలేదు, తిట్టినా బాగుండేది అనిపించింది.

అందుకే మనిషి వెళ్ళిన రోజు సస్పెండ్ మాత్రమే చెయ్యి, లాగిన్ ఆగిపోతుంది, డేటా ఉంటుంది. సస్పెండ్‌లో ఉన్నా లైసెన్స్ డబ్బులు పడుతూనే ఉంటాయని ఫైనాన్స్ వాళ్ళు గొణుగుతారు, గొణగనీ, ఫైల్స్ అప్పజెప్పాకే డిలీట్. కంపెనీ ఫైల్స్ షేర్డ్ డ్రైవ్‌లో ఉంటే ఈ గోలే ఉండదు, అక్కడ ఓనర్ మనిషి కాదు, సంస్థ. స్లాక్‌లో డీయాక్టివేట్ చేస్తే పాత మెసేజ్‌లు పోవు, భయపడకు. గిట్‌హబ్‌లో మాత్రం జాగ్రత్త, వెళ్ళిపోయినవాడి టోకెన్ మీద, అంటే పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రామ్‌లు వాడే వాడి తాళం మీద, ఏదో స్క్రిప్ట్ నడుస్తుంటుంది, నువ్వు వాడిని తీసేసిన మరుక్షణం రిలీజ్ ఆగిపోతుంది, అప్పుడు అందరూ నీ సీటు దగ్గరికే వస్తారు. అలాంటి వాటికి విడిగా ఒక అకౌంట్ పెట్టించు. హెచ్‌ఆర్ వాళ్ళతో మంచిగా ఉండు, రిలీవింగ్ లెటర్ తయారయ్యేటప్పుడే నీకు మెయిల్ వచ్చేలా చూసుకో, లేదంటే వీడ్కోలు కేక్ ఫోటో చూసి తెలుసుకోవాల్సి వస్తుంది.

మూడు నెలలకోసారి ఎవరికి ఏముందో షీట్ తీసి టీమ్ లీడ్‌లకి పంపు. చూడకుండానే "అందరూ కావాలి" అని రిప్లై ఇస్తారు, అందుకని నేను లిస్ట్‌లో పైనే, ఎప్పుడో మానేసినవాళ్ళ పేరు ఒకటి కావాలనే పెట్టి పంపేదాన్ని. దానికి కూడా ఓకే అన్నారంటే నేరుగా వాళ్ళ సీటు దగ్గరికే వెళ్ళేదాన్ని.

ఇంతకీ నీ రోజువారీ మెయిల్‌కే సూపర్ అడ్మిన్ ఇచ్చి ఉంటారు, నాకు తెలుసు. ఇంకో అకౌంట్ చేసుకుని, దానికి సూపర్ అడ్మిన్ ఇచ్చి, అందులోకి లాగిన్ అవుతోందో లేదో చూసుకుని, రోజువారీ మెయిల్‌కి ఉన్న సూపర్ అడ్మిన్‌ని ఇవాళే తీసెయ్. తీసేశాక నాకు మెసేజ్ పెట్టు.

మీ పిన్ని