సైకిల్ వెనక వంద కిలోలు వేయాలంటే ఎలాంటి ట్రైలర్ తీసుకోవాలి?

గుణుపురం నుంచి ఒకాయన అడిగారు: రోజూ సైకిల్ వెనక అయిదారు నీళ్ళ కేన్లు, అప్పుడప్పుడు బియ్యం బస్తాలు వేసుకెళ్ళాలి, ట్రైలర్ ఆన్‌లైన్‌లో కొనాలా, ఊళ్ళో చేయించుకోవాలా, ఎంత బరువు తట్టుకునేది చూడాలి అని.

మాది పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పోయాక కరెంటు లేక మోటార్లు ఆగిపోతే, చేతి బోరు దగ్గర పట్టుకుని మా వీధికి సైకిల్ మీదే నీళ్ళు తెచ్చాను. క్యారియర్ మీద ఒక కేను, హ్యాండిల్‌కి రెండు చిన్న డబ్బాలు. ఒక్కో ట్రిప్పుకీ ప్రాణం పోయేది. ట్రైలర్ ఆలోచన అప్పుడు పుట్టింది. ఇప్పుడు నడుపుతున్నది మూడోది. మొదటి రెండూ ఎందుకు మూలపడ్డాయో చెబితే మీ డబ్బులు మిగులుతాయి.

ముందు మీ లెక్క. 20 లీటర్ల కేను, ప్లాస్టిక్ బరువుతో కలిపి 21 కిలోలు అనుకోండి. అయిదు కేన్లంటే 105 కిలోలు. ట్రైలర్ ఒక 25, సైకిల్ 20, మీరు 60. మొత్తం 200 దాటిపోతుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మొదటి ట్రైలర్ ఇక్కడే ఒక వెల్డింగ్ షాపులో చేయించాను. వంగకుండా తగిలించుకోవచ్చని కొక్కెం సీటు పైపుకి పెట్టించుకున్నాను, ఆ తెలివి నాదే. ఇరుసు సరిగ్గా చట్రం మధ్యలో వేశారు. ఖాళీగా లాగితే హాయిగా వచ్చింది. మర్నాడు నాలుగు కేన్లు వేసి, దించడం సులువని అన్నీ వెనకవైపుకి జరిపాను. రైల్వే గేటు దగ్గర పట్టాల మీద చక్రాలు ఎగిరేసరికి ట్రైలర్ వెనక్కి ఒరిగి, కొక్కెం నా సీటుని పైకెత్తేసింది. తొక్కుతుంటే వెనక చక్రం గాల్లో తిరుగుతోంది, కేన్లు పట్టాల మధ్య దొర్లుతున్నాయి, గేటు మనిషి ఒడియాలోనూ తెలుగులోనూ తిడుతున్నాడు. న్యాయమే కదా.

బరువు ఇరుసుకి కాస్త ముందుకి ఉండాలి. వంద కిలోలు వేస్తే కొక్కెం మీద అయిదు నుంచి ఎనిమిది కిలోలు పడాలి. ఇది కంటితో తేలదు. సరుకు వేశాక లాగే కడ్డీ చివరని స్ప్రింగు కాటాకి తగిలించి ఎత్తి చూడండి. కాటా బరువేమీ చూపించకపోతే సరుకు ముందుకి జరపాలి. పదిహేను చూపిస్తే సైకిల్ వెనక చక్రం మీద భారం ఎక్కువైనట్టు. సగం నిండిన కేను మాత్రం వేయొద్దు. లోపల నీళ్ళు ఊగితే మలుపులో ట్రైలర్ మొత్తం ఊగుతుంది. బియ్యం బస్తాతో ఆ బాధ లేదు.

సీటు కొక్కెం పెద్ద బరువులకి పనికిరాదు. బ్రేకు వేసినప్పుడు వెనక బరువు ముందుకి తోస్తుంది, ఆ తోపు అంత ఎత్తులో తగిలితే సైకిల్ వెనక భాగం పక్కకి తిరిగిపోతుంది. కొక్కెం వెనక చక్రం ఇరుసు దగ్గర, చెయిన్ లేని ఎడమవైపు ఉండాలి. ఇక్కడొక చిక్కుంది. మన మామూలు సైకిళ్ళలో ఆ ఇరుసు మీద అప్పటికే స్టాండు, క్యారియర్ కాళ్ళు, మడ్‌గార్డు కడ్డీ ఉంటాయి. వాటిపైన కొక్కెం పట్టీ కూడా ఎక్కిస్తే నట్టుకి నాలుగు మరలు కూడా దొరకవు. పొడుగు ఇరుసు వేయించుకోండి, నట్టు పూర్తిగా ఎక్కాలి. ఇక కీలు. అది పక్కలకి, పైకీ కిందకీ కదిలితే చాలదు, మెలి కూడా తిరగాలి. సైకిల్ పక్కకి పడిపోయినా ట్రైలర్ నిలబడే ఉండాలన్నమాట. ట్రాక్టరు ట్రాలీ పిన్ను చూశారుగా, కొంచెం వదులుగా ఉంటుంది, అలా. దానికి తోడు ఒక గొలుసు కట్టండి, పిన్ను ఊడినా బండి రోడ్డున పడకుండా.

రెండో ట్రైలర్‌కి కొక్కెం సరిగ్గానే పెట్టించాను. ఈసారి చక్రాలతో చెడింది. పాత సైకిళ్ళ 28 అంగుళాల చక్రాలు రెండు ఇంట్లో ఉంటే, వాటినే లోపలివైపు మాత్రం పట్టు ఇచ్చి బిగించారు. నెల తిరక్కుండా ఇరుసులు వంగిపోయి చక్రాలు దొడ్డికాళ్ళలా అయ్యాయి. సైకిల్ చక్రం ఇరుసు రెండు వైపులా పట్టు ఉంటుందన్న లెక్కతో చేసింది, ఒక్క వైపే పట్టుకుంటే వంగుతుంది. ఇంకోటి, మలుపులో సైకిల్ వాలుతుంది కాబట్టి దాని చక్రానికి పక్కబలం అంతగా తగలదు. రెండు చక్రాల ట్రైలర్ వాలదు, పక్కబలమంతా స్పోకులే మోయాలి. అందుకే 36 స్పోకుల 20 అంగుళాల చక్రం మేలు. పొట్టి స్పోకులు గట్టిగా నిలబడతాయి, సరుకు కూడా కిందికి ఉంటుంది. గుంతల్లో కొంచెం ఎక్కువ కుదుపుతుంది, భరించాలి. ప్లాస్టిక్ రిమ్ముల జోలికి మాత్రం పోకండి. ఒంటి చక్రం ట్రైలర్లు అందంగా ఉంటాయి గానీ ఆ బరువు ఒరిగితే సైకిల్‌నీ ఒరిగిస్తుంది. పేరున్న బాబ్ యాక్‌కే హద్దు 32 కిలోలు. బర్లీ ఫ్లాట్‌బెడ్‌కి రెండు చక్రాలున్నా 45 కిలోలే, అంటే మీ రెండు కేన్లు. సర్లీ, బైక్స్ ఎట్ వర్క్ వాళ్ళవి 136 కిలోలు తట్టుకుంటాయి, కానీ అవి అమెరికా సరుకు, మన ఊరి మిస్త్రీ దగ్గర వాటి సామాను దొరకదు. అందుకని చేయించుకోమనే అంటాను. అంగుళం చదరపు గొట్టం, 16 గేజి మందం సరిపోతుంది.

ఇప్పుడు ఆ 200 కిలోల సంగతి. ట్రైలర్ చూసినవాళ్ళందరూ ఎంత లాగుతుందని అడుగుతారు. నేను భయపడింది మాత్రం ఆపేటప్పుడు. మహేంద్రతనయ నది వంతెన దిగుతుంటే వాన మొదలైంది. నాది కడ్డీ బ్రేకుల సైకిల్, స్టీలు రిమ్ములు. తడిసిన స్టీలు రిమ్ము మీద రబ్బరు జారుతుంది, బ్రేకు సగం కూడా పట్టదు. వెనక నుంచి అయిదు కేన్లు తోసుకొస్తున్నాయి. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలవుతుంది, ఆ పాఠం చదివింది స్కూల్లోనే అయినా అర్థమైంది ఆ రోజు. మట్టిలోకి దింపి ఆపాను. మోకాలి చర్మం పోయింది, కేన్లకి ఏమీ కాలేదు. తర్వాత అల్యూమినియం రిమ్ములు, తీగ బ్రేకులు వేయించాను. దిగుడులో ఇప్పటికీ దిగి నడిపించే తీసుకెళ్తాను.

ఎక్కుడు సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. నూరు అడుగులకి అయిదు అడుగులు ఎక్కే దారిలో, 200 కిలోల బండిని పది కిలోల బరువు ఎప్పుడూ వెనక్కి లాగుతున్నట్టే. వెనక 18 పళ్ళ ఫ్రీవీల్ తీయించి 22 పళ్ళది వేయించండి, మోకాళ్ళు మిగులుతాయి. చెయిన్‌కి ఒకటో రెండో లింకులు కలపాల్సి వస్తుంది.

మీరన్న అయిదారు కేన్లే అయితే, ఒకేసారి వేయకుండా మూడేసి చొప్పున రెండు ట్రిప్పులు వేయండి. గిరాకీ పెరిగి రోజుకి ఇరవై దాకా వస్తే ట్రైలర్ మీద డబ్బు పెట్టకండి, పాత ట్రాలీ రిక్షా వెతుక్కోండి.